ఆర్డర్లలో ఐదో పేరా

సైన్యంలో ఆర్డర్లు ఇవ్వడానికి ఒక వరస ఉంది. సెక్షన్ కమాండర్ పదిమందికి చెప్పినా, కోర్ కమాండర్ వేలమందికి చెప్పినా అదే వరస. మొదటి పేరా ఇన్ఫర్మేషన్: శత్రువు ఎక్కడున్నాడు, మనవాళ్ళు ఎక్కడున్నారు, నేల ఎలా ఉంది. రెండోది మిషన్: చెయ్యాల్సిన పని, ఒక్క వాక్యంలో. దాన్ని రెండుసార్లు చదివి వినిపిస్తారు. మూడోది ఎగ్జిక్యూషన్: ఎవరు ఎటు పోవాలి, ఎన్నింటికి పోవాలి. నాలుగోది తిండి, నీళ్ళు, మందుగుండు, గాయపడ్డవాణ్ణి వెనక్కి తెచ్చే దారి. ఐదోది కమాండ్ అండ్ సిగ్నల్.

నేను సిగ్నల్స్ వాణ్ణి, అంటే సైన్యంలో రేడియోలు, టెలిఫోన్లు చూసే శాఖవాణ్ణి. గిద్దలూరు వైపు పల్లెటూరి నుంచి పోయి, గోవాలో ట్రైనింగ్ చేసి, సుబేదారుగా దిగిపోయి ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంటున్నాను. నా సర్వీసంతా ఆ ఐదో పేరా మీదే గడిచింది. అందుకే ఒక విషయం ధైర్యంగా చెప్పగలను. ఆర్డర్లు వినడానికి కమాండర్లు చేరే సమావేశాన్ని ‘ఓ గ్రూపు’ (ఆర్డర్స్ గ్రూప్) అంటాం. అందులో ఐదో పేరా మొదలయ్యేసరికి సగం నోటుబుక్కులు మూతపడతాయి. ఫ్రీక్వెన్సీలు కాగితం మీద ఉన్నాయి కదా, కోడ్‌వర్డ్లు సిగ్నల్స్ వాళ్ళు చూసుకుంటారు కదా, ఇక క్వశ్చన్స్ ఉన్నాయా, లేవు, టైం కలుపుకోండి, పదండి. అంతే.

కానీ ఆ పేరాలో ఫ్రీక్వెన్సీలు ఒక్కటే ఉండవు. కమాండర్ ఎక్కడ ఉంటాడు, అతను పడిపోతే తర్వాత ఎవరు, ఆ రెండోవాడూ పడిపోతే ఎవరు, రేడియో సెట్ పోతే కబురు ఎలా పంపాలి, కబురు అసలే అందకపోతే ఏం చెయ్యాలి, ఇవన్నీ అక్కడే ఉండాలి. ఉంటాయా అంటే, కొందరి ఆర్డర్లలో ఉంటాయి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత టీవీలో కమాండ్ అండ్ కంట్రోల్ అన్న మాట బాగా వినబడుతోంది. సైన్యం గగనతల రక్షణను నడిపే ఆకాశ్‌తీర్ వచ్చింది, వైమానిక దళానికి ఉన్న అలాంటి వ్యవస్థ ఐఏసీసీఎస్‌తో కలిసింది, రాడార్లన్నీ ఒకే తెర మీద కనబడ్డాయి. మంచిదే. దాన్ని తయారుచేసిన బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్ళ సెట్లే నేనూ వీపున మోశాను, వాళ్ళ పనితనం మీద నాకు గౌరవం ఉంది. మా తమ్ముడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. "ఇక కమాండ్ అండ్ కంట్రోల్ సమస్య తీరిపోయినట్టే కదా పెదనాన్నా?" అన్నాడు. తీరలేదురా అన్నాను. తెర చూపిస్తుంది. ఆ చూసినదాని మీద ఎవరు నిర్ణయం తీసుకోవాలి, దేనికోసం తీసుకోవాలి, తెర నల్లబడితే ఎవరి మాట చెల్లాలి అన్నది ప్లాన్ రాసే బల్ల దగ్గరే తేలిపోవాలి. అక్కడ తేలని విషయాన్ని ఏ సెట్టూ తేల్చదు. వాడు నమ్మలేదు. వాడికి చెప్పిన శ్రీలంక జాఫ్నా కథే ఇక్కడ రాస్తున్నాను.

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పాతకాలం నుంచి ఉన్నవాళ్ళకు 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ పరాయిది కాదు. తిరుమలగిరి, బొల్లారం క్వార్టర్లలో వాళ్ళ కుటుంబాలు ఉండేవి. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. వెంటనే ఈ డివిజన్ విమానాలెక్కి జాఫ్నా దగ్గరి పలాలికి పోయింది. పోయింది శాంతి సేనగా. తమిళ పులులు (ఎల్‌టీటీఈ) ఇచ్చే ఆయుధాలు తీసుకోవాలి, వాళ్ళకూ శ్రీలంక సైన్యానికీ మధ్య నిలబడాలి. మిషన్ పేరాలో ఉన్న పని అది. అక్టోబరు వచ్చేసరికి అదే డివిజన్ జాఫ్నా నగరాన్ని పట్టుకోవాల్సి వచ్చింది.

నా చదువు పెద్దది కాదు గానీ, ‘ఓ గ్రూపులు’ చాలా విన్నాను. రెండో పేరా మారితే మిగిలిన నాలుగూ మళ్ళీ మొదటినుంచి రాయాలి. శత్రువు ఎవరన్నది మారింది, నేల వీధులైంది, కావాల్సిన ఫిరంగులు, ట్యాంకులు మారాయి, గాయపడ్డవాళ్ళ లెక్క మారింది. అక్కడ ఆ తిరగరాత జరగడానికి సమయం లేదు. బలగం చాలక దేశంలో వేరే వేరే డివిజన్ల నుంచి బ్రిగేడ్లను తెచ్చి అతికించారు. ఒకరి మాట తీరు ఇంకొకరికి తెలియదు. వినేవాళ్ళకు ఇది చిన్న విషయంలా ఉంటుంది. మాకు కాదు. రేడియోలో అవతలి గొంతు విని ఆ మనిషి కంగారుగా ఉన్నాడా, నిదానంగా ఉన్నాడా అని పోల్చుకోవడానికి నెలలు పడుతుంది. కలిసి ఎక్సర్‌సైజ్ చేసిన ఆపరేటరుకు సగం మాట చాలు. కొత్తవాడికి మొత్తం మాట రెండుసార్లు చెప్పాలి, ఆ రెండోసారికి సమయం ఉండదు.

పెత్తనం సంగతి ఇంకా చిక్కు. దక్షిణ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ దేపిందర్ సింగ్‌ను మొత్తం బలగానికి కమాండర్ అన్నారు. డివిజన్ మేజర్ జనరల్ హర్కీరత్ సింగ్ చేతిలో ఉంది. నౌకాదళం, వైమానిక దళం మాత్రం తమ తమ కమాండ్ల కిందే ఉండి సహకరించాయి. ఇవి కాక ఢిల్లీలో సైన్యం ప్రధాన కార్యాలయం, విదేశాంగ శాఖ, కొలంబోలో మన హైకమిషన్, నిఘా సంస్థ. పదిమంది పెత్తందార్లున్న పెళ్ళిలో వంటవాడు ఎవరి మాట వినాలి?

అక్టోబరు 11 రాత్రి. జాఫ్నా విశ్వవిద్యాలయం దగ్గర ఎల్‌టీటీఈ నాయకులు ఉన్నారని సమాచారం. హెలికాప్టర్లలో మైదానంలో దిగి వాళ్ళను పట్టుకోవాలన్నది ప్లాన్. 10 పారా కమాండో దళం ముందు దిగాలి, 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ పటాలం విడతలుగా దిగి ఆ మైదానాన్ని కాపాడాలి. సిఖ్ పటాలం అప్పుడప్పుడే వచ్చి దిగింది. మన రేడియో మాటల్ని అవతలివాళ్ళు వింటున్నారు. కాబట్టి ఎంఐ-8లు మైదానం మీదికి వచ్చేసరికి చుట్టూ మేడల మీద మెషిన్‌గన్లు సిద్ధంగా ఉన్నాయి. మొదటి విడతల్లో కమాండోలు, ముప్పైమంది సిక్కులు దిగగలిగారు. హెలికాప్టర్లకు తూట్లు పడ్డాయి. మిగతా విడతలు ఆగిపోయాయి.

ఆ ముప్పైమందిని నడిపింది మేజర్ బీరేంద్ర సింగ్. వాళ్ళ రేడియో మొదట్లోనే పోయింది. వెనక హెలికాప్టర్లు రావు అన్న మాట వాళ్ళకు చెప్పే దారి లేకుండా పోయింది. వాళ్ళకిచ్చిన పని మైదానాన్ని పట్టుకుని ఉండటం, వెనక వచ్చేవాళ్ళ కోసం. కాబట్టి పట్టుకునే ఉన్నారు. రాత్రంతా, మర్నాడు పొద్దెక్కేదాకా, తూటాలు అయిపోయేదాకా. 29 మంది చనిపోయారు. ఒక్కడు బందీగా చిక్కాడు. కమాండోలు కొన్ని ఇళ్ళలో చేరి పోరాడారు. వాళ్ళను తేవడానికి ట్యాంకులు రైలు పట్టాల మీదుగా పోవాల్సి వచ్చింది, రోడ్ల నిండా మందుపాతరలు కాబట్టి.

దీని గురించి రాసేవాళ్ళు ఎక్కువగా నిఘా లోపం అంటారు, శత్రువును తక్కువ అంచనా వేశారంటారు. రెండూ నిజమే. కానీ నా కళ్ళు ఎప్పుడూ వేరేచోటికి పోతాయి. రెండో విడత రాకపోతే మొదటి విడత ఏం చెయ్యాలి? ఎంతసేపు చూడాలి? ఏ దిక్కుకు కదలాలి? ఆకాశంలోకి ఏ రంగు వెలుగు వదిలితే ఏమని అర్థం? రేడియో తగలబడ్డా ఒక రంగు తూటా ఆకాశంలో కనబడుతుంది. కనబడితే ఏం చెయ్యాలో ముందే మాట్లాడుకుని ఉండాలి. ఇది ధైర్యానికి సంబంధించిన సంగతి కాదు, ఆ మైదానంలో ధైర్యానికి లోటు రాలేదు. ప్లాన్ మొత్తం రెండో విడత వస్తుందన్న ఒక్క దారానికి వేలాడింది.

ఇంకొకటి. పైవాడు చేతిలో ఉన్న సమయంలో మూడో వంతు మాత్రమే వాడుకుని, మిగతా రెండు వంతులు కిందివాళ్ళకు వదలాలని మాకు నేర్పుతారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు గంటలుంటే బ్రిగేడ్ నాలుగు గంటల్లో ముగించాలి. మిగిలిన ఎనిమిదిలో బెటాలియన్ తన మూడో వంతు, తర్వాత కంపెనీ, తర్వాత ప్లటూన్. సెక్షన్ కమాండర్‌కు కనీసం ఒక గంట వెలుతురు దొరకాలి, నేల చూసుకోవడానికి. నిజంగా జరిగేది తెలుసు కదా. పైన మ్యాపు చుట్టూ కాఫీలు తాగుతూ పది గంటలు గడుపుతారు, కింద లాన్స్ నాయక్‌కు చీకట్లో "పద" అన్న ఒక్క మాట దక్కుతుంది. మంచి ప్లాన్ ఆలస్యంగా అందితే చెడ్డ ప్లానే. ఈ విషయంలో నేను చూసిన పెద్ద హెడ్‌క్వార్టర్లలో నాలుగింట మూడు వంతులు దోషులే.

1962 చైనా యుద్ధం గురించి ఎక్కువ రాయను, కడుపు మండుతుంది. నామ్కా చు అనే చిన్న వాగు, పైన థగ్ లా కొండ. ఆ వాగు ఒడ్డున ఏ గుంపును ఎక్కడ ఉంచాలో ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు నిర్ణయించారు. కోర్ కమాండర్ ఉమ్రావ్ సింగ్ ఇన్ని సామాన్లు లేకుండా కుదరదని రాశారు. అక్టోబరు మొదట్లో ఆ ప్రాంతాన్ని ఆయన చేతిలోంచి తీసి కొత్తగా ఒక కోర్ పెట్టి జనరల్ కౌల్‌కు ఇచ్చారు. కౌల్ జబ్బుపడి ఢిల్లీ పోయి మంచం మీది నుంచి నడిపించారు. అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా ఫిరంగులు మొదలయ్యేసరికి మన టెలిఫోన్ తీగలు తెగి ఉన్నాయి. అక్కడి బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ దల్వీ బందీ అయ్యారు. తీగలు తెగకపోయినా ఆయన చెయ్యగలిగింది ఏముంది? వాగు ఒడ్డు వదిలి పైకి తగ్గుదామని ఆయన ముందే అడిగారు. వద్దన్నారు. తీగ బాగున్న రోజుల్లో అటునుంచి వచ్చింది ఆ మాటే.

ఇప్పుడు నాకు ఇష్టమైన కథ.

1971 ఏప్రిల్‌లో సైన్యాధిపతి మానెక్‌షా ప్రధానమంత్రి ఇందిరా గాంధీతో తూర్పు పాకిస్తాన్ మీద యుద్ధం ఇప్పుడే కుదరదు అన్న కథ అందరికీ తెలుసు. ఆయన చెప్పినంత నాటకీయంగా జరిగిందో లేదో గానీ, ఆగడం మాత్రం నిజం. వానలు పడితే తూర్పు బెంగాల్ అంతా నీళ్ళు. ఉత్తరాన కనుమల్లో మంచు పడితే చైనా నుంచి భయం తగ్గుతుంది. ఆ నెలల్లో జరిగిన పని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. త్రిపురనే తీసుకోండి. మీటర్ గేజ్ రైలు ధర్మనగర్ దాకానే. అక్కడినుంచి కొండల్లో ఒక రోడ్డు. ఆ దారిన వానాకాలమంతా ఒక కోర్‌కు సరిపడా మందుగుండు, డీజిల్, వంతెన సామాన్లు, రేషన్ మోశారు. రోడ్లు బాగుచేసుకుంటూ, టెలిఫోన్ లైన్లు వేసుకుంటూ. తేలియామురాలో నాలుగో కోర్ హెడ్‌క్వార్టర్. దాని కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్.

ఈయన పాత చరిత్ర కూడా చెప్పాలి. 1961లో గోవాలో ఆయన పారా బ్రిగేడ్‌కు ఇచ్చింది పక్క వాయిద్యం. అసలు దాడి ఇంకొకరిది. అయినా పణజీ ముందు చేరింది ఈయన మనుషులే. నేను రిక్రూటుగా గోవాలో ఉన్నప్పుడు ఉస్తాద్‌లు ఆ కథ చెప్పని వారం లేదు. అలాంటి మనిషి పైన కూర్చున్నవాళ్ళకు కొంచెం తలనొప్పే.

ఢిల్లీ నుంచి తూర్పు కమాండ్‌కు వచ్చిన ఆదేశంలో చిట్టగాంగ్, ఖుల్నా రేవుల మీద దృష్టి ఉందనీ, ఢాకా పేరు లక్ష్యంగా లేదనీ తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ జనరల్ జాకబ్ తర్వాత రాశారు. కాదన్నవాళ్ళూ ఉన్నారు. ఆ తగువులోకి నేను పోను. సగత్ మాత్రం మొదటినుంచీ ఢాకాకు అడ్డంగా ఉన్న మేఘనా నది దాటడం గురించే ఆలోచించారు. హెలికాప్టర్లు తన దగ్గరికి తెచ్చుకున్నారు. వైమానిక దళం గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్‌ను తన వెంట ఉంచుకున్నారు. డిసెంబరు 7న సిల్హెట్ దగ్గర గూర్ఖా పటాలాన్ని ఎంఐ-4లలో దింపారు. అక్కడ శత్రువు అనుకున్న దానికంటే చాలా ఎక్కువ ఉన్నాడు, గూర్ఖాలు చాలా ఇబ్బంది పడ్డారు, పట్టు వదల్లేదు. ఆ పైలట్లకూ కోర్ స్టాఫ్‌కూ మాత్రం దింపడం, ఎక్కించడం, గాయపడ్డవాళ్ళను తేవడం చేతికి అలవాటైంది.

డిసెంబరు 9న అశుగంజ్ దగ్గర మేఘనా మీది రైలు వంతెనను పాకిస్తానీలు పేల్చేశారు. అవతలి ఒడ్డు కనీకనపడనంత నది. వంతెన పోయింది కాబట్టి ఇక భారత సైన్యం ఇక్కడే ఆగుతుందని వాళ్ళు అనుకున్నారు. కాగితం ప్రకారం చూస్తే అనుకోవడంలో తప్పులేదు. ఆ రాత్రే 4 గార్డ్స్ పటాలాన్ని హెలికాప్టర్లలో నది దాటించి రాయ్‌పురా దగ్గర దింపడం మొదలుపెట్టారు. తర్వాతి ఒకటిన్నర రోజుల్లో వందకు పైగా సార్టీలు, అంటే హెలికాప్టర్ తిరుగుళ్ళు. పడవల మీద ఇంకో బ్రిగేడ్. అక్కడినుంచి నర్సింగ్డి, అక్కడినుంచి ఢాకా దారి. సగత్ దగ్గర పనిచేసినవాళ్ళు చెప్పినదాన్నిబట్టి తూర్పు కమాండ్ అధిపతి జనరల్ అరోరా దీనికి సుముఖంగా లేరు, వాదన జరిగింది, ఈయన వెనక్కి తగ్గలేదు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ తూర్పు కమాండర్ నియాజీ లొంగుబాటు మీద సంతకం పెట్టారు.

దీన్ని చూపించి చాలామంది "ప్లాన్లు ఎందుకు, దమ్మున్న కమాండర్ ఉంటే చాలు" అంటారు. నాకు సరిగ్గా తిరగేసి కనబడుతుంది. రాయ్‌పురాలో దిగడం ఏ ఆర్డర్లోనూ అలా రాసి ఉండకపోవచ్చు. కానీ హెలికాప్టర్లు అక్కడ ఉండటం, వాటికి ఇంధనం ఉండటం, అవతల దిగినవాళ్ళకు మందుగుండు అందడం, కోర్‌తో మాట్లాడే సెట్లు వాళ్ళతో పోవడం, ఇవన్నీ జూన్, జూలై వానల్లో ఎవరో లెక్కలు వేసి పేర్చినవే. ఆ పేర్చడమే లేకపోతే సగత్ సింగ్ అశుగంజ్ ఒడ్డున నిలబడి నదిని చూస్తూ తిట్టుకుని ఉండేవారు.

అవతలి పక్షం చూడండి. నియాజీ సరిహద్దు పట్టణాలన్నిటినీ కోటలు చేసి, నాలుగింట మూడొంతుల మంది పడిపోయేదాకా వెనక్కి రావద్దని ఆర్డర్ ఇచ్చారు. ఆ సైనికులు చేతకానివాళ్ళు కారు, కొన్నిచోట్ల చాలా గట్టిగా పోరాడారు. కానీ పక్కనుంచి భారత సైన్యం దాటిపోతుంటే ఆ పట్టణంలో ఉన్న బ్రిగేడియర్ తనంతట తాను కదిలి ఢాకాకు తగ్గడానికి వీల్లేదు. అడగాలి. అడిగి, జవాబు వచ్చేసరికి దారి మూసుకుపోయేది.

నా కళ్ళతో చూసిన సంగతి ఒకటి రాస్తాను. రాజస్థాన్‌లో ఎక్సర్‌సైజు. నేనప్పుడు హవల్దార్‌ని, ఒక పటాలానికి సిగ్నల్స్ తరఫున అటాచ్‌మెంటు మీద పోయాను. సీఓ, అంటే పటాలం కమాండర్, ఇసుక మోడల్ దగ్గర ఆర్డర్లు ఇచ్చాడు. టిబ్బాలు (ఇసుక దిబ్బలు) ఇసుకతో, దారులు సున్నంతో, శత్రువు మోర్చాలు ఎర్ర రంగు పొడితో. అంతా అయ్యాక మామూలుగా "ఎనీ క్వశ్చన్స్" అంటారు. ఈయన అనలేదు. ఒక్కొక్క కంపెనీ కమాండర్‌ను లేపి, నువ్వేం చెయ్యబోతున్నావో నాకు చెప్పు అన్నాడు.

మొదటి మేజర్ లేచి, నాలుగు గంటలకల్లా ఫలానా టిబ్బా పట్టుకుంటాను సర్ అన్నాడు.

"ఎందుకు?"

"మీ ఆర్డర్ సర్."

"నా ఆర్డర్ పక్కన పెట్టు. ఆ ఇసుక కుప్ప నాకెందుకు?"

మేజర్ తడబడ్డాడు. సీఓ బెత్తంతో టిబ్బా వెనక ఉన్న సున్నపు గీతను చూపించాడు. తెల్లారేసరికి ట్యాంకులు ఆ దారిన పోవాలి. టిబ్బా మీద శత్రువు ఉంటే ఆ దారి మీద కాల్పులు పడతాయి. అందుకే టిబ్బా. "నువ్వు పోయేసరికి అక్కడ ఎవరూ లేరనుకో. అప్పుడు?" మేజర్ ఈసారి ఆలోచించి, ముందుకు పోయి దారి అవతలి టిబ్బా మీద కూర్చుంటాను అన్నాడు. "నన్ను అడుగుతావా?" "సెట్ పనిచేస్తే చెప్తాను సర్. చెయ్యకపోతే కూర్చున్నాక చెప్తాను." సీఓ నవ్వాడు. మిగతావాళ్ళతోనూ అలాగే. గంట పైన పట్టింది. మధ్యలో బ్రిగేడ్ నుంచి, మీ ఆర్డర్లు ఇంకా అవ్వలేదా అని ఫోను. నేనే ఎత్తాను.

ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి, రాత్రి రెండింటికి రేడియో నెట్ ఆపెయ్, నేను చెప్పేదాకా తెరవకు అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. రెండింటికి ఆపేశాను. మా ఆపరేటర్ కుర్రాడు కంగారుపడి బ్యాటరీ మారుస్తానంటాడు, ఏరియల్ చూస్తానంటాడు. కూర్చోబెట్టాను. ఎడారిలో రాత్రి రేడియో ఆగిపోతే వచ్చే నిశ్శబ్దం ఎలా ఉంటుందో సిగ్నల్స్ వాడికే తెలుసు. చెవుల్లో దూది పెట్టినట్టుండదు, మనుషులు అసలే లేనట్టుంటుంది.

తెల్లారాక లెక్క చూశారు. టిబ్బా మీద నిజంగానే శత్రువుగా వేసినవాళ్ళు లేరు, అంపైర్లు రాత్రే తీసేశారు. తడబడిన ఆ మేజర్ అవతలి టిబ్బా మీద ఉన్నాడు. ఇంకో కంపెనీ కొంచెం ఆలస్యంగా అయినా తన చోట ఉంది. మూడో కంపెనీ రిపోర్ట్ లైన్ దగ్గర పడుకుని ఉంది, కోడ్‌వర్డ్ కోసం ఎదురుచూస్తూ, పొద్దు పొడిచేదాకా. డ్రిల్లులో, ఫైరింగ్‌లో ఆ పటాలానికే పేరు తెచ్చే కంపెనీ అది. మాట లేకుండా అడుగు వెయ్యని కంపెనీ. సీఓ వాళ్ళను తిట్టలేదు. "వాళ్ళను అలా తయారుచేసింది మనమే" అన్నాడు, సెకండ్ ఇన్ కమాండ్‌తో. ఇన్నేళ్ళలో కమాండ్ గురించి నేను విన్న మాటల్లో అంత నిజాయితీ ఉన్నది ఇంకొకటి గుర్తుకు రావడం లేదు.

కంట్రోల్ అంటే చాలామందికి పైవాడి చేతిలో తాడు ఎంత బిగుతుగా ఉంది అన్న లెక్క. డ్రోన్ కెమెరా వచ్చాక అది మరీ ఎక్కువైంది. జనరల్‌కు ఇప్పుడు సెక్షన్ కమాండర్ హెల్మెట్ కనబడుతుంది. కనబడితే మాట్లాడకుండా ఉండటం మనిషి వల్ల కాదు. నామ్కా చు వాగు ఒడ్డున ఏ గుంపు ఎక్కడ కూర్చోవాలో ఢిల్లీ చెప్పిన రోజుల్లో కెమెరా లేదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు అదే రోగం హెచ్‌డీలో రావచ్చు. అవతలివాడు ఇప్పుడు ముందుగా కొట్టేది కూడా ఆ లింకునే. జామింగ్ అంటే ఉక్రెయిన్ యుద్ధం చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. లింకు మీదే ఆధారపడిన ప్లాన్ మొదటి గంటలోనే గుడ్డిదవుతుంది.

ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే కమాండర్ కిందికి తెచ్చే థియేటర్ కమాండ్ల చర్చ కూడా ఇక్కడికే వస్తుంది. ఇప్పుడు సైన్యానికి ఏడు, వైమానిక దళానికి ఏడు, నౌకాదళానికి మూడు కమాండ్లు ఉన్నాయి. మూడు దళాలూ కలిసి ఉన్నది 2001 నుంచి అండమాన్‌లో ఒకటి. 2020 జనవరి 1న మొదటి సీడీఎస్ (మూడు దళాలకూ ఉమ్మడి అధిపతి) బాధ్యతలు తీసుకున్నారు. 2023లో చట్టం చేసి, ఉమ్మడి సంస్థల కమాండర్‌కు మిగతా దళాలవాళ్ళ మీద కూడా క్రమశిక్షణ అధికారం ఇచ్చారు. జాఫ్నాలో అది లేదు. కాబట్టి ముందడుగే. పేపర్లలో మాత్రం ఏ థియేటర్ ఎవరికి, కేంద్రం ఏ ఊళ్ళో, ఎన్ని నక్షత్రాలు అన్నదే. వైమానిక దళం అభ్యంతరం నాకు సబబుగానే అనిపిస్తుంది. 42 స్క్వాడ్రన్లు కావాల్సినచోట 30కి అటూఇటూ ఉంటే వాటిని మూడు ముక్కలు చేసి పంచడం ఎలా? పంచకపోతే, రాత్రి రెండింటికి రెండు థియేటర్లు ఒకే స్క్వాడ్రన్‌ను అడిగితే ఎవరు తేలుస్తారు, ఎన్ని నిమిషాల్లో తేలుస్తారు? చార్టులో గీసిన గీతలు దీనికి జవాబు చెప్పవు. మూడు దళాల స్టాఫ్ ఆఫీసర్లు ఒకే బల్ల చుట్టూ నెలల తరబడి కూర్చుని ప్లాన్లు రాసి, చింపి, మళ్ళీ రాస్తేనే తేలుతుంది. మా ఇంటికి దగ్గర్లోనే, సైనిక్‌పురిలో, కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో మూడు దళాల అధికారులూ పక్కపక్కన కూర్చుని చదువుతారు. ఆ బెంచీల మీది పరిచయాలు కల్నల్ నుంచి జనరల్ అయ్యేలోపు ఎందుకు చల్లారిపోతాయో వాళ్ళే చెప్పాలి.

ఈమధ్య ఉమ్మడి ఎక్సర్‌సైజుల వార్తలు తరచుగా వస్తున్నాయి. ఎన్ని విమానాలు, ఎన్ని ఓడలు, ఎన్ని వేలమంది అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. నేను కళ్ళజోడు పెట్టుకుని కింది దాకా చదువుతాను, ఎన్ని గంటలు రేడియో నెట్ ఆపి నడిపించారో రాశారేమోనని. ప్రెస్ నోట్లో ఆ లైన్ ఇంతవరకూ తగల్లేదు.